పత్తిచెక్క - చేపమేత: ఒక పరిశీలన

తెలుగులో పశువులకు వేసేదీ మేతే, చెరువులో చేపలకు చల్లేదీ మేతే. ఒకే మాటతో పిలిచే ఈ రెండింటికీ ఒకే పదార్థం సరిపోతుందా? గుంటూరు, ప్రకాశం మైదానాల్లో విరివిగా దొరికే పత్తిగింజ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పెంపకపు రొయ్యలకు, సాల్మన్ వంటి మాంసాహార చేపలకు అవసరమైన మాంసకృత్తులను చాలాకాలం సముద్రపు చిన్నచేపల పిండి నుంచే సమకూర్చారు. ఆ చేపలు తరిగిపోతే సముద్ర జీవావరణానికీ, జాలరుల జీవికకూ నష్టమే. నార్వే సాల్మన్ మేతలో 1990లో సుమారు 90 శాతం సముద్రోత్పత్తులు ఉండేవి. 2020 నాటికి అవి నాలుగోవంతు కంటే తగ్గాయి. వాటి స్థానంలోకి వచ్చిన పదార్థాల్లో బ్రెజిల్ సోయా ముఖ్యమైనది. సముద్రంపై భారం తగ్గినా, మేత దూరదేశపు పొలాలపై ఆధారపడింది. కాబట్టి సమీపంలో లభించే పదార్థాలను పరిశీలించడం అవసరం.

మన ప్రాంతంలో పత్తి నుంచి దూదిని వేరుచేశాక గింజ, గింజ నుంచి నూనె తీశాక చెక్క మిగులుతాయి. పొట్టు తీసి ఆడించిన చెక్కలో దాదాపు 40 శాతం మాంసకృత్తులుంటాయి. పొట్టుతో ఆడిస్తే ఆ శాతం బాగా తగ్గుతుంది. పత్తిగింజలను నానబెట్టి, రుబ్బి పాడిగేదెలకు పెట్టడం ఇక్కడి రైతులకు అలవాటే. గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉన్నా, నెమరువేసే పశువుల పెద్దపొట్టలో అది చాలావరకు నిర్వీర్యమవుతుంది. చేపకు, రొయ్యకు అటువంటి పొట్ట లేదు. మోతాదు మించితే వాటి ఎదుగుదల కుంటుపడుతుంది.

నూనె తీసేటప్పటి వేడికి గాసిపాల్ మాంసకృత్తులతో బంధితమై, హానికర గుణాన్ని చాలావరకు కోల్పోతుంది. కాని అది పట్టుకొనేది లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని. పత్తిచెక్కలో లైసిన్ సహజంగానే తక్కువ. అంటే విషాన్ని అణచే ప్రక్రియే పోషకాన్నీ హరిస్తున్నది. కనుక మాంసకృత్తుల శాతం ఒక్కటే చెక్క నాణ్యతకు కొలమానం కాజాలదు. బంధితం కాని గాసిపాల్ ఎంత, జీర్ణమయ్యే లైసిన్ ఎంత అన్నవి కూడా కొనుగోలుదారుకు తెలియాలి. బొచ్చె, శీలావతి చేపలకు తవుడుతో పాటు చెక్కను సంచుల్లో అందించే ఆంధ్ర రైతుకు ఈ వివరాలు నేరుగా దిగుబడికి సంబంధించినవి.

మేతలో లైసిన్‌ను విడిగా కలిపి లోటును పూరించవచ్చు. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో కీర్తి రాథోర్ బృందం మరో మార్గం చూపింది. ఆకుల్లో పురుగులను నిలువరించే గాసిపాల్‌ను ఉంచి, గింజలో మాత్రం తగ్గించిన పత్తిని రూపొందించి, 2006లో ఆ ఫలితాన్ని ప్రకటించింది.

అయితే పత్తిచెక్క ఎవరికీ అక్కరలేని వ్యర్థం కాదు. అది ఇప్పటికే గేదెల దాణా. చేపల చెరువులకు దాన్ని మళ్లించేటప్పుడు పాడిరైతుపై పడే ధరల భారాన్నీ లెక్కించాలి. అప్పుడే ఆ మేతను సుస్థిరమైనదని అనగలం.