బడి మానకముందే చేయందిద్దాం

ఏ అబ్బాయీ ఒక్కరోజులో బడి మానడు. మొదట వారంలో ఒక రోజు తలనొప్పి అంటాడు. తరువాత లెక్కల పీరియడ్ ఉన్న పూట కనబడడు. పరీక్షలో తప్పిన మాట ఇంట్లో చెప్పడు. ఉపాధ్యాయుడు కబురు పంపితే ఆ కబురు ఇంటికి చేరదు. చివరికి ఒకనాడు అతడు మెకానిక్ షెడ్డులోనో బేకరీలోనో పనికి కుదిరిన తరువాత, "వాడికి చదువు అబ్బలేదు" అని తేల్చేస్తాం. అతడు బడికి దూరమై అప్పటికే ఏడాది గడిచి ఉంటుంది. ఆ ఏడాదిలో మనం ఎక్కడ ఉన్నాం అన్నదే అసలు ప్రశ్న.

ఆడపిల్లల చదువు గురించి మన కుటుంబాలలో కొంతకాలంగా గట్టి చర్చ జరుగుతోంది. అది అవసరమైన చర్చ, ఇంకా జరగవలసిన చర్చ. అయితే అదే ఇంట్లో పద్నాలుగు, పదిహేనేళ్ల అబ్బాయి చడీచప్పుడు లేకుండా పుస్తకాలు మూసివేస్తున్నాడు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం, దేశంలో ఆరు నుండి పద్నాలుగేళ్ల వయసున్న ముస్లిం పిల్లలలో నాలుగో వంతు మంది అసలు బడిలో చేరనివారు లేదా మధ్యలో మానినవారు. కారణాలు వెదికితే పేదరికం మొదట నిలుస్తుంది. కాని అంత పేదరికంలోనూ ఒక అబ్బాయి నిలబడుతున్నాడు, మరొకడు జారిపోతున్నాడు. ఆ తేడాను బడి మార్చగలదా? ఈ ప్రశ్నకు కేవలం ఊహతో కాక, లెక్కకట్టి జవాబు వెదికిన నగరం ఒకటుంది. అది అమెరికాలోని షికాగో.

తొమ్మిదవ తరగతి చెప్పే జోస్యం

షికాగో నగరపు దక్షిణ, పడమటి వాడలలో పేద నల్లజాతి కుటుంబాలు, లాటిన్ అమెరికా మూలాల కుటుంబాలు ఎక్కువ. వీధుల్లో ముఠా తగాదాలు, తుపాకీ కాల్పులు అక్కడి పిల్లల నిత్యజీవితంలో భాగం. అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో చేరిన అబ్బాయిలలో ఎందరో చదువు పూర్తి చేయకుండానే వెళ్లిపోయేవారు.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2005లో ఒక విషయాన్ని బయటపెట్టారు. ఉన్నత పాఠశాల మొదటి ఏడాది, అంటే తొమ్మిదవ తరగతి ముగిసేసరికి, పై తరగతికి వెళ్లడానికి కావలసినన్ని సబ్జెక్టులు గట్టెక్కి, ముఖ్యమైన సబ్జెక్టులలో ఒక అర్ధసంవత్సరపు తప్పు మించకుండా ఉన్న విద్యార్థులలో 81 శాతం మంది నాలుగేళ్లలో చదువు పూర్తి చేశారు. అలా లేనివారిలో పూర్తి చేసినవారు 22 శాతమే. ఎనిమిదవ తరగతి వరకు బాగా మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా ఆ ఒక్క ఏడాది తడబడితే వెనుకబడిపోయారు. ఆ తడబాటుకు ముందు కనిపించే గుర్తు తెలివితక్కువతనం కాదు, గైర్హాజరు.

దీనితో అక్కడి పాఠశాలల ఆలోచన మారింది. ఏడాది చివర తప్పినవారి జాబితా వేయడానికి బదులు, కొన్ని వారాలకు ఒకసారి ఉపాధ్యాయులు కూర్చుని, ఏ విద్యార్థి ఎన్ని రోజులు రాలేదు, ఏ సబ్జెక్టులో జారుతున్నాడు అని పేరుపేరునా చూడసాగారు. జారుతున్న ప్రతి పిల్లవాడి బాధ్యత ఒక పెద్దకు అప్పగించారు. 2007లో తొమ్మిదవ తరగతి విద్యార్థులలో 57 శాతం మంది దారిలో ఉండగా, 2013 నాటికి వారు 82 శాతానికి చేరారు. అందరికన్నా ఎక్కువగా మెరుగుపడినది నల్లజాతి అబ్బాయిలే. కొత్త భవనాలు కట్టి సాధించిన మార్పు కాదిది. సమయానికి హాజరు పట్టీని శ్రద్ధగా చదివి సాధించిన మార్పు.

పిడికిలిలో బంతి

హాజరు పట్టీ ఎవరు జారుతున్నారో చెబుతుంది గాని, ఎందుకు జారుతున్నారో చెప్పదు. ఆ రెండో పని కోసం షికాగోలో 2001 ప్రాంతంలో ఒక కార్యక్రమం మొదలైంది. దాని పేరు 'బికమింగ్ ఎ మ్యాన్', అంటే 'మగవాడిగా ఎదగడం'. 'యూత్ గైడెన్స్' అనే సేవాసంస్థలో సలహాదారుగా ఉన్న ఆంథొనీ రమిరెజ్ డి విటోరియో దీనిని రూపొందించారు. తండ్రి తోడు లేకుండా పెరిగిన అనుభవం ఆయనది.

పద్ధతి చాలా సాదా. బడి వేళలోనే వారానికి ఒక గంట, పది పన్నెండు మంది అబ్బాయిలు ఒక సలహాదారుతో వలయంగా కూర్చుంటారు. ఒక్కొక్కరు ఆ వారం తమ ఒంటి సంగతి, మనసు సంగతి చెప్పుకుంటారు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు వింటారు. నిజాయితీ, చేసిన పనికి జవాబుదారీ, ఓర్పుతో నిలబడడం, కోపాన్ని సరైన దారిలో వెలిబుచ్చడం, స్త్రీల పట్ల గౌరవం, భవిష్యత్తుకు లక్ష్యం ఏర్పరచుకోవడం అనే ఆరు విలువల చుట్టూ సంభాషణ తిరుగుతుంది. అయితే ఈ విలువలను ఉపన్యాసంగా చెప్పరు. ఆటల ద్వారా, అనుభవం ద్వారా వారికి వారే తెలుసుకునేలా చేస్తారు.

వాటిలో ఒక ఆటను చూద్దాం. అబ్బాయిలను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒకరి చేతికి బంతి ఇస్తారు. "ముప్పై క్షణాలలో అతని పిడికిలిలోని బంతి తీసుకో" అని రెండోవాడికి చెబుతారు. వెంటనే పెనుగులాట మొదలవుతుంది. వేళ్లు విరుస్తారు, మెడ పట్టుకుంటారు, కింద పడి దొర్లుతారు. తరువాత పాత్రలు మారుస్తారు, మళ్లీ అదే పెనుగులాట. అంతా అయ్యాక సలహాదారు ప్రశాంతంగా అడుగుతాడు: "బంతి ఇవ్వమని ఒక్కరైనా ఎందుకు అడగలేదు?" అడిగితే ఇవ్వడని కొందరంటారు, అడిగితే పిరికివాడనుకుంటాడని మరికొందరంటారు. అప్పుడు రెండోవారిని అడుగుతాడు: "మర్యాదగా అడిగి ఉంటే ఏం చేసేవాడివి?" ఎక్కువమంది జవాబు ఒకటే: ఇచ్చేసేవాళ్లం, అది ఒట్టి బంతే కదా.

ఎదుటివాడి మనసులో ఏముందో తెలియకుండానే, తెలిసినట్టు భావించి చేయి చేసుకున్నామని ఆ అబ్బాయికి అప్పుడు బోధపడుతుంది. వీధిలో తన టోపీనో ఫోనునో లాక్కోబోయిన వాడికి లొంగిపోతే రేపు మళ్లీ తననే పట్టుకుంటారు కనుక, తిరగబడడం అక్కడ అతడికి అలవాటైంది. అదే అలవాటు తరగతి గదిలోకి వస్తే, "కూర్చో" అన్న ఉపాధ్యాయుడి మాట కూడా సవాలుగా వినబడుతుంది. అక్కడి నుండి వాగ్వాదం, సస్పెన్షన్, గైర్హాజరు, చివరకు బడి మానడం. అందుకే ఈ కార్యక్రమం "ఎన్నడూ తిరగబడకు" అని నీతి చెప్పదు. "ఇప్పుడు నేనున్నది ఏ చోటు, నా ఎదుట ఉన్నది ఎవరు అని ఒక్క క్షణం ఆగి చూడు" అని మాత్రమే నేర్పుతుంది.

లాటరీ తేల్చిన నిజం

మంచి ఉద్దేశంతో నడిచే కార్యక్రమాలు ఎన్నో ఉంటాయి. అవి నిజంగా పనిచేస్తాయా అన్నది వేరే సంగతి. 2009-10 విద్యాసంవత్సరంలో షికాగో విశ్వవిద్యాలయపు క్రైమ్ ల్యాబ్ పరిశోధకులు 18 ప్రభుత్వ పాఠశాలలలో ఏడు నుండి పదవ తరగతి వరకు చదివే 2,740 మంది అబ్బాయిలను ఎంచుకుని, ఎవరికి ఈ అవకాశం ఇవ్వాలో లాటరీ ద్వారా నిర్ణయించారు. అందువల్ల రెండు వర్గాల మధ్య తరువాత కనిపించిన తేడా కార్యక్రమం వల్లనే వచ్చిందని చెప్పడానికి వీలైంది. 2013-15లో మరో తొమ్మిది పాఠశాలలలో అదే పరీక్ష మళ్లీ జరిపారు.

2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, కార్యక్రమం నడిచిన కాలంలో అందులో పాల్గొన్న అబ్బాయిల అరెస్టులు 28 నుండి 35 శాతం వరకు, హింసాత్మక నేరాలకు సంబంధించిన అరెస్టులు 45 నుండి 50 శాతం వరకు తగ్గాయి. బడితో వారి అనుబంధం పెరిగింది. మొదటి బృందాన్ని మరికొన్నేళ్లు గమనించగా, ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేసినవారు 12 నుండి 19 శాతం వరకు పెరిగారు. వారానికి ఒక గంట సంభాషణకు ఇది చిన్న ఫలితం కాదు. 2013 ఫిబ్రవరిలో నాటి అధ్యక్షుడు బరాక్ ఒబామా హైడ్ పార్క్ అకాడమీ పాఠశాలకు వెళ్లి ఈ అబ్బాయిల వలయంలో కూర్చున్నారు. తాను కూడా తండ్రి లేకుండా పెరిగిన సంగతి వారితో పంచుకున్నారు.

ఇద్దరికి ఒక గురువు

మనసు కుదుటపడినా లెక్కలు రాకపోతే అబ్బాయి తరగతిలో నిలవలేడు. పదవ తరగతిలో ఉన్నా ఐదవ తరగతి భిన్నాలే రానివాడికి బోర్డుపై ఉన్నది పరాయి భాష. దీనికి కూడా షికాగోలో ఒక ఉపాయం ప్రయత్నించారు. రోజూ బడి వేళలోనే ఒక గంట, ఇద్దరు విద్యార్థులకు ఒక శిక్షకుడు. మామూలు లెక్కల తరగతి ఎలాగూ ఉంటుంది, ఇది దానికి అదనం. శిక్షకులు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు కారు. లెక్కలు బాగా వచ్చి, కొద్దిపాటి భత్యంతో ఒక ఏడాది సేవకు ముందుకు వచ్చిన పట్టభద్రులు. దీనిపై కూడా లాటరీ పద్ధతిలో పరిశోధన జరిగింది. లెక్కల పరీక్షలలో మార్కులు గణనీయంగా పెరిగాయి, తప్పేవారి సంఖ్య తగ్గింది. పదిహేనేళ్లు దాటిన అబ్బాయికి ఇక చదువు రాదనే మాట తప్పని ఈ అనుభవం చూపింది.

తెలుసుకోవలసిన హద్దులు

ఇది మంత్రదండమని మేము చెప్పడం లేదు. కార్యక్రమం ముగిసిన తరువాతి ఏడాదిలో అరెస్టుల తగ్గుదల నిలవలేదు. కార్యక్రమాన్ని ఒక్కసారిగా అనేక పాఠశాలలకు విస్తరించినప్పుడు మొదటి రెండు పరీక్షలలో కనిపించిన స్థాయి ఫలితాలు మళ్లీ కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇక్కడ పనిచేసేది పుస్తకంలోని పాఠ్యప్రణాళిక కన్నా ఆ వలయంలో కూర్చున్న మనిషి. వారం వారం తప్పకుండా వచ్చే, ఎగతాళి చేయని, విన్నది బయట చెప్పని పెద్దమనిషిని హడావిడిగా తయారు చేయలేం.

మన గడపలో

తెలుగునేలకు ఈ విషయంలో తన సొంత అనుభవం ఉంది. 1991లో రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్, ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో, వెట్టిలో ఉన్న పిల్లలను శిబిరాలలో చదివించి తిరిగి బడిలో చేర్చే పని మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్నది వారి సూత్రం. ఆ కృషికి 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. నేడు తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలు ఉన్నాయి, వాటిలో సుమారు సగం బాలురవి. అయినా ఒక సందు మిగిలే ఉంది. విద్యాహక్కు చట్టం రక్షణ పద్నాలుగేళ్లతో ముగుస్తుంది. సరిగ్గా ఆ వయసులోనే తొమ్మిదవ తరగతి, లెక్కల భయం, పనిలో చేరమనే ఒత్తిడి ఒక్కసారిగా మీద పడతాయి. చట్టం ఆగిన చోట కుటుంబమూ మొహల్లా నిలబడాలి.

తల్లిదండ్రులు ముందుగా చేయగలిగింది హాజరును కనిపెట్టడం. పదిహేను రోజులలో రెండు మూడు నాగాలు కనిపిస్తే అదే హెచ్చరిక. ఉపాధ్యాయుడు పిలిచేదాకా ఆగకుండా అబ్బా స్వయంగా బడికి వెళ్లాలి. ఆయన గల్ఫులో ఉంటే అమ్మీ గాని, మామూ గాని వెళ్లాలి. అబ్బాయితో మాట్లాడేటప్పుడు నలుగురి ముందు నిలదీయకూడదు. "ఎందుకు వెళ్లలేదు?" అని గద్దిస్తే అబద్ధం వస్తుంది. "ఏ పీరియడ్ అంటే కష్టంగా ఉంది?" అని అడిగితే తరచూ నిజం వస్తుంది.

మొహల్లా చేయగలిగిన పని కూడా చిన్నది కాదు. ప్రతి వాడలోనూ డిగ్రీ, ఇంజనీరింగ్ చదివిన యువకులు ఉన్నారు. ఒక్కొక్కరు ఇద్దరు అబ్బాయిలను తీసుకుని, సాయంత్రం అసర్ తరువాత ఒక గంట, ఏడాది పొడవునా లెక్కలు చెబితే చాలు. ఒక యువకుడు ముప్పైమందికి ట్యూషన్ చెప్పడం కన్నా ఇది మేలు. మస్జిద్ కమిటీ ఒక గదిని ఇవ్వగలదు. వారానికి ఒక రోజు ఆ గదిలోనే, పిల్లలు మనసు విప్పి మాట్లాడుకునే వలయాన్ని ఓర్పు గల ఒక పెద్ద నడపగలడు. ఇల్లు గడవక అబ్బాయిని పనికి పంపుతున్న కుటుంబానికి మాత్రం హితబోధ చాలదు. బైతుల్‌మాల్ ఆ కుటుంబాన్ని పదవ తరగతి పరీక్షలు ముగిసేదాకా ఆదుకోవాలి.

ఇప్పటికే మానివేసిన వారికి కూడా దారి మూసుకుపోలేదు. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పద్నాలుగేళ్లు నిండినవారు పదవ తరగతి పరీక్ష రాయవచ్చు. అబ్బాయిని పనిలో పెట్టుకున్న యజమాని మనవాడే అయితే, చదువుకు రోజూ రెండు గంటలు వదలమని అడిగే చనువు మనకు ఉంటుంది. ప్రమాదకరమైన పనులలో పద్దెనిమిదేళ్లు నిండనివారిని పెట్టుకోకూడదని 2016లో సవరించిన చట్టం చెబుతోందని కూడా ఆయనకు గుర్తు చేయవచ్చు.

ఈ నెల ముగిసేలోగా మన వీధిలో తొమ్మిది, పది తరగతులు చదువుతున్న అబ్బాయిలెందరో ఒక కాగితం మీద రాసి చూద్దాం. వారిలో ఎవరు బడికి తరచూ వెళ్లడం లేదో వారి స్నేహితులకు తెలిసే ఉంటుంది. ఆ పేర్లలో ఒక్కొక్కదాని ఎదుట బాధ్యత వహించే ఒక పెద్ద పేరు రాయగలిగితే పని మొదలైనట్టే.