రెండు మహానగరాలు – ఒకే పునాది

మన ఉద్యోగుల ఇళ్లలో పిల్లల చదువు చివరి సంవత్సరానికి చేరేసరికి ఒక ప్రశ్న తప్పక తలెత్తుతుంది. అబ్బాయినో, అమ్మాయినో బెంగుళూరు పంపడమా, హైదరాబాదులోనే అవకాశాలు వెతకడమా? ఒకే జాతీయ రహదారి మీద సుమారు 570 కిలోమీటర్ల ఎడంలో ఉన్న ఈ పొరుగు రాజధానులు రెండూ తెలుగువారికి కొత్తవి కావు. అనంతపురం, చిత్తూరు ప్రాంతాల వారికైతే ఉపాధి విషయంలో బెంగుళూరే దగ్గరి ఊరు. ఎక్కడ జీతాలు ఎక్కువ, ఎక్కడ ఇంటి అద్దెలు తక్కువ అన్న లెక్కలు ఏడాదికోసారి మారిపోతాయి. అందువల్ల ఈ నగరాలలో ఉపాధి ఏ విధంగా పుట్టిందో, ఏ విధంగా పెరిగిందో పరిశీలించడం ఎక్కువ ప్రయోజనకరమని భావిస్తున్నాము. అందులో మన ప్రభుత్వ రంగ సంస్థల చరిత్ర కూడా ఇమిడి ఉన్నది.

నాటిన విత్తనాలు

రెండు నగరాల ఆధునిక చరిత్రలోనూ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు కనిపిస్తుంది. 1908 నాటి మూసీ వరదల తరువాత హైదరాబాదును కాపాడే పథకాన్ని రూపొందించినది ఆయనే. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయినాయి. 1912 నుండి 1918 వరకు మైసూరు సంస్థానానికి దివానుగా ఉండి అక్కడి పారిశ్రామికీకరణకు బాటలు వేసినదీ ఆయనే. 1905 నాటికే బెంగుళూరు వీధులలో శివసముద్రం జలవిద్యుత్తు వెలిగింది. 1911లో భారతీయ విజ్ఞాన సంస్థలో తరగతులు మొదలైనాయి.

విద్యుత్తు, విద్య సమకూరిన చోటికి పరిశ్రమ రావడం సహజం. 1940లో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, 1953లో హిందూస్థాన్ మెషిన్ టూల్స్, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ బెంగుళూరులో వెలిశాయి. హైదరాబాదు వంతు కొంత ఆలస్యంగా వచ్చింది. 1960 దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్ సమీపంలో ఐ.డి.పి.ఎల్., 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్ నెలకొన్నాయి. ఈ కర్మాగారాల వెంట కాలనీలు, పాఠశాలలు, ఆసుపత్రులు వచ్చాయి. పల్లెల నుండి వచ్చిన ఐ.టి.ఐ. విద్యార్థులు 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద పని నేర్చుకుని నిపుణులైనారు.

చీలిన దారులు

ఏ కర్మాగారం ఏ విద్య నేర్పిందో, ఆ నగరం ఆ దారినే నడిచింది. బెంగుళూరు సంస్థలు నేర్పినది విమాన, యంత్ర, ఎలక్ట్రానిక్ విద్య. వాటికి విడిభాగాలు సరఫరా చేసే చిన్న పరిశ్రమలతో పీణ్య పారిశ్రామికవాడ నిండిపోయింది. 1970 దశకం చివర ఎలక్ట్రానిక్స్ సిటీ రూపుదిద్దుకున్నది. 1983లో ఇన్ఫోసిస్ పూణే నుండి బెంగుళూరుకు తరలి వచ్చింది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అక్కడ తన కేంద్రాన్ని ప్రారంభించింది. ఇంజనీర్లు అప్పటికే సిద్ధంగా ఉన్న నగరం కనుకనే ఇవన్నీ అక్కడ వేళ్లూనుకున్నాయి.

హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్. నేర్పినది ఔషధ రసాయన విద్య. 1970 నాటి పేటెంటు చట్టం ఔషధాలలో తయారీ విధానానికే తప్ప తయారైన వస్తువుకు పేటెంటు లేకుండా చేసింది. కొత్త విధానంలో మందు తయారుచేయగలిగిన రసాయన శాస్త్రజ్ఞులకు ఇది పెద్ద అవకాశం. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన డాక్టర్ కె. అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాలలో మందుల ముడి సరుకు తయారుచేసే కర్మాగారాలు వరుసగా వెలిశాయి. 1997లో శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. 2021లో కోవిడ్ మహమ్మారి వేళ దేశానికి కోవాగ్జిన్ టీకాను అందించిన భారత్ బయోటెక్ కూడా ఈ నగరపు సంస్థే.

సాఫ్ట్‌వేర్ రంగంలో మాత్రం హైదరాబాదు ఆలస్యంగా మేలుకొని వేగంగా నడిచింది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998లో. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2013-14లో 57,258 కోట్ల రూపాయలుగా ఉన్న సాఫ్ట్‌వేర్ ఎగుమతులు 2022-23 నాటికి 2.41 లక్షల కోట్లకు చేరాయి. ఆ రంగంలోని ఉద్యోగుల సంఖ్య 3.23 లక్షల నుండి 9.05 లక్షలకు పెరిగింది. పరిమాణంలో నేటికీ బెంగుళూరే పెద్ద అయినా, ఒకప్పటి అంతరం ఇప్పుడు లేదు.

పెరుగుదల, దాని మూల్యం

1991 జనాభా లెక్కలలో హైదరాబాదు మహానగర ప్రాంతంలో సుమారు 43 లక్షలు, బెంగుళూరులో 41 లక్షలు ఉన్నారు. 2001లో రెండూ 57 లక్షల వద్ద దాదాపు సమానమైనాయి. 2011 నాటికి బెంగుళూరు 85 లక్షలకు ఎగబాకగా, హైదరాబాదు 77 లక్షల వద్ద నిలిచింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎంతటి వలసకు కారణమైనాయో ఈ అంకెలే తెలుపుతాయి.

ఈ పెరుగుదల ఉచితంగా రాలేదు. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి కావేరి జలాలను ఎత్తిపోసుకునే బెంగుళూరు, 2024 వేసవిలో గొట్టపు బావులు ఎండి తీవ్రమైన నీటి ఎద్దడిని చవిచూసింది. అక్కడి రహదారుల రద్దీ జగమెరిగినదే. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి, కృష్ణా గోదావరి జలాలు హైదరాబాదుకు కొంత వెసులుబాటు కల్పించాయి. కానీ ఔషధ పరిశ్రమల వ్యర్థాలతో పటాన్‌చెరు ప్రాంతపు చెరువులు, భూగర్భ జలాలు ఏళ్ల తరబడి కలుషితమైనాయి. ఉపాధిలో సింహభాగం నగరపు పడమటి దిక్కునే పేరుకుపోయింది.

మరొక మూల్యం మనకు మరింత దగ్గరిది. ఐ.డి.పి.ఎల్. 1992లో ఖాయిలా సంస్థగా ప్రకటింపబడింది. దేశమంతటికీ సమయం చెప్పిన హెచ్.ఎం.టి. గడియారాల ఉత్పత్తి 2016లో ముగిసింది. ఈ సంస్థలు నేర్పిన విద్య ప్రైవేటు కర్మాగారాలలో కొనసాగింది గనుక నగరాలకు నష్టం కలుగలేదు. కాని యాభై ఏళ్ల వయసులో స్వచ్ఛంద పదవీ విరమణ పత్రం మీద సంతకం చేసిన లేతు కార్మికుడికి సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో చోటు దొరకలేదు. నగరం పెరిగితే అందులోని ప్రతి కుటుంబమూ పెరుగుతుందని భావించడం పొరపాటు.

మనం గ్రహించవలసినది

మొదటి ప్రశ్నకు వద్దాము. ఎలక్ట్రానిక్స్, చిప్‌ల రూపకల్పన, విమాన, అంతరిక్ష రంగాలపై ఆసక్తి గల వారికి బెంగుళూరులో అవకాశాలు విస్తృతం. రసాయన, ఔషధ, జీవసాంకేతిక శాస్త్రాలు చదివినవారికి హైదరాబాదును మించినది దేశంలో అరుదు. సాఫ్ట్‌వేర్‌కు రెండూ సమానమే. అయితే 2001, 2008, 2023 సంవత్సరాలలో ఆ రంగం రెండు చోట్లా ఒడుదొడుకులకు లోనైన సంగతి మరువరాదు. కనుక మొదటి ఉద్యోగాన్ని ఎంచుకునేటప్పుడు జీతం ఎంత అని అడిగే ముందు, అక్కడ మూడేళ్లు పనిచేస్తే చేతికి ఏ విద్య అబ్బుతుంది అని మన పిల్లలు అడగడం మంచిది. ఊరు మారినా, సంస్థ మూతపడినా వెంట వచ్చేది అదొక్కటే.

ఇక మన కర్తవ్యం ఒకటున్నది. నేడు ప్రభుత్వ రంగంలో శాశ్వత ఉద్యోగాలు తగ్గుతున్నాయి, కాంట్రాక్టు పని పెరుగుతున్నది. ఒక సీనియరు పదవీ విరమణ చేసిన రోజున అతని స్థానం ఖాళీగా మిగిలితే, ముప్పై ఏళ్ల అనుభవం అతనితోపాటు గేటు దాటి వెళ్లిపోతుంది. మన షాపులలో పనిచేస్తున్న అప్రెంటిస్‌లకు, కాంట్రాక్టు కార్మికులకు సైతం మన సీనియర్లు పని రహస్యాలను ఓపికగా నేర్పాలని, అందుకు యాజమాన్యం తగిన సమయాన్ని కేటాయించాలని కోరుతున్నాము. ఈ రెండు మహానగరాలను నిలబెట్టినవారు కూడా ఒకనాడు అటువంటి షాపులలో అక్షరాభ్యాసం చేసినవారే.