ముసలి చూడి ఆవు ఈనే ముందు ఏం చూసుకోవాలె?

వీడియోలో మీరు చూస్తున్నది మందమర్రిలో మా ఆవు. వయసు పన్నెండేండ్లు దాటింది, ఇప్పుడు ఏడో ఈతకు ఉంది. "ముసలిదైంది, సంతకు తోలెయ్" అన్నోళ్లు చాలామంది. పాల లెక్కన చూస్తే వాళ్ల మాట తప్పేం కాదు. కానీ ఎకరానికి 200 లీటర్ల జీవామృతం చెయ్యాలంటే 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం కావాలె. వట్టిపోయినా ఆవు అవి ఇస్తూనే ఉంటది. అందుకే ఉంచుకున్నం. ఉంచుకున్నంక దాన్ని ఈత గండం దాటించే బాధ్యత కూడా మనదే.

తేదీ లెక్క

ఎద్దుకు కట్టించిన రోజు, లేదా సూది వేయించిన రోజు గోడ మీద రాసిపెట్టండి. ఆవు సుమారు 280 రోజులు మోస్తది. జూలై 10న కట్టిస్తే ఏప్రిల్ 16 అటూఇటుగా ఈనుతది. ఈనడానికి రెండు నెలల ముందే పాలు పిండుడు ఆపేయాలె. ముసలి ఆవుకు ఈ విశ్రాంతి మరీ ముఖ్యం. దూడ ఎక్కువగా పెరిగేది ఈ రెండు నెలల్లోనే.

మేత

ముసలి ఆవుకు పండ్లు అరిగి ఉంటయి. ఎండు సొప్ప నమలలేక వదిలేస్తది. మనమేమో "తింటలేదు" అనుకుంటం. సొప్పను చిన్నగా నరికి, నీళ్లు చల్లి నానబెట్టి పెట్టండి. చివరి నెలలో మక్కపిండి, తవుడు, పల్లి చెక్క కలిపి రోజుకు కిలో నుంచి కిలోన్నర వరకు ఇవ్వచ్చు. ఒక్కసారే కాకుండా మూడుసార్లుగా పెట్టండి. లోపల దూడ ఉండటంతో కడుపులో మేతకు చోటు తక్కువ. అట్లని బాగా కొవ్వెక్కేలా మేపినా ఈనుడు కష్టమైతది.

సున్నపు తేట ఆపండి

మనలో చాలామంది బలానికని కుడితిలో సున్నపు తేట పోస్తం. చివరి మూడు వారాలు అది వద్దు. ఈనంగనే పాల కోసం ఒంట్లో కాల్షియం ఒక్కసారిగా కావాలె. దాన్ని ఎముకల నుంచి తీసుకునే శక్తి వయసుతో తగ్గుతది. ముందునుంచే బయట నుంచి ఎక్కువ పోస్తే ఆ అలవాటు ఇంకా మందగిస్తది. అప్పుడే పాలజ్వరం వస్తది. సున్నపు తేట, కాల్షియం ఈనినంక మొదలుపెట్టండి.

కొట్టం

బండల మీద కాలు జారితే ముసలి ఆవు లేవలేదు. ఇసుక గానీ, ఎండుగడ్డి గానీ మందంగా పరవండి. వెనకవైపు పల్లంగా ఉండొద్దు, బరువుకు గర్భం బయటికి జారే ప్రమాదం ఉంది. మా దిక్కు ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతది, కాబట్టి నీడ, ఎప్పుడూ నీళ్లు ఉండాలె. మేత మీద బొగ్గుదుమ్ము పడితే దులిపి వేయండి. మూత్రం కోసమని రోజంతా కట్టేయకండి. రోజూ మెల్లగా నడిస్తే ఈనుడు సులువైతది.

ఈనే గుర్తులు

పొదుగు నిండుతది, తోక మొదలు రెండు పక్కలా గుంట పడుతది, ఊరికే లేస్తూ కూర్చుంటది. నీళ్లసంచి పగిలినంక ముందుకాళ్లు, వాటి మీద ముట్టె కనిపించాలె. గంట దాటినా అవి రాకపోయినా, తోక గానీ ఒక్క కాలు గానీ వచ్చినా మీరు లాగకండి. డాక్టరును పిలవండి, లేదా 1962కు ఫోన్ చేయండి. ఈ నంబరు ముందే ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలె.

ఈనినంక

మాయ పడేదాకా జున్నుపాలు తాగనియ్యొద్దని మన పెద్దలు అంటరు. అది సరికాదు. దూడ చీకితే మాయ తొందరగా పడుతది. గంటలోపే తాగించండి. 12 గంటలైనా మాయ పడకపోతే డాక్టరుకు చెప్పండి. దానికి రాయి కట్టుడు, గుంజుడు వద్దు.

మొదటి మూడు రోజులు కళ్లు తెరిచి ఉండాలె. చెవులు చల్లబడి, లేవలేక, మెడ పక్కకు తిప్పి పడుకుందంటే అది పాలజ్వరమే కావచ్చు. నోట్లో ఏ మందూ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతది. వెంటనే డాక్టరు నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలా ఆవులు ఆ పూటే లేచి నిలబడతయి. ఈ మూడు రోజులు పొదుగు పూర్తిగా పిండకుండా కొంత పాలు వదిలేయండి.

మా ఆవుకు ఇదే చివరి ఈత. మళ్లీ కట్టించం. పేడ, మూత్రం ఇచ్చినన్నాళ్లు ఇస్తది, ఇయ్యకపోయినా కొట్టంలోనే ఉంటది.