తెలివి ఉన్నను చదువు రాని పిల్లలు

1896 నవంబరులో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక 14 ఏండ్ల బాలుని గూర్చి వ్రాసెను. ఆ బాలుడు ఆటలలో చురుకైనవాడు. పెద్ద పెద్ద సంఖ్యలను తడబడక చదివెడివాడు. కాని చిన్న చిన్న మాటలను సైతము చదువలేకపోయెను. తన పేరు "పెర్సీ" అను దానిని వ్రాయుచు అక్షరములు తారుమారు చేసి "ప్రెసీ" అని వ్రాసెను. బోధన అంతయు నోటి మాటతోనే జరిగినచో పాఠశాలలో ఇతనిని మించినవాడుండడని అతని ఉపాధ్యాయుడు చెప్పెను.

ఇట్టి లోపమునకు డిస్లెక్సియా అని పేరు. 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అను జర్మన్ నేత్రవైద్యుడు ఈ పదమును కల్పించెను. తెలుగులో దీనిని పఠనవైకల్యము అనవచ్చును. తొలినాటి వైద్యులు ఇది చూపునకు సంబంధించినదని తలచిరి. కాని చాలమందిలో దీని మూలము కంటిలో లేదనియు, మాటలోని ధ్వనులను విడదీసి గుర్తించుటలోను, వానిని అక్షరములతో జతపరచుటలోను ఉన్నదనియు తరువాతి పరిశోధనల వలన తేలినది. తెలివితక్కువతనము గాని సోమరితనము గాని దీనికి కారణము కాదు. ఇది తరచు కుటుంబములలో వంశానుగతముగా కనిపించును.

ఒక ఉదాహరణము చూడుడు. "తామర" అను మాటలో "తా" తీసివేసినచో ఏమి మిగులును? "మర" అని చాలమంది పిల్లలు వెంటనే చెప్పుదురు. ఈ లోపము గలవాడు తడబడవచ్చును. అక్షరము చూడగానే దాని ధ్వని అతనికి తట్టదు. కూడబలుకుకొని వాక్యము చివరకు వచ్చునప్పటికి మొదటి భాగము మరచిపోవును. తెలుగులో అక్షరమునకు ధ్వని చాలవరకు నియతముగా ఉండుట ఒక సదుపాయము. అయినను ప-వ, మ-య వంటి పోలిక గల అక్షరములు, గుణింతములు, వత్తులు అతనిని చిక్కుపెట్టును.

చిన్న తరగతులలో అక్షరములను తిరుగవేసి వ్రాయుట అనేకులలో ఉండును. దానిని మాత్రమే చూచి పఠనవైకల్యమని నిర్ణయింపరాదు. ముందుగా చూపును, వినికిడిని పరీక్షింపవలెను. బోధన చక్కగా సాగుచున్నను చదువు రానిచో నిపుణులకు చూపవలెను.

ఈ లోపము మందులతో పోవునది కాదు. తగిన శిక్షణ వలన చదువు వచ్చును. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అనా గిలింగ్‌హామ్‌లు 1930-40 మధ్య ఇందులకు ఒక పద్ధతిని రూపొందించిరి. అక్షరమును కంటితో చూచుచు, పైకి పలుకుచు, చేతితో దిద్దుట అందలి ముఖ్యాంశము. మన వీథిబడులలో ఇసుకలో దిద్దించిన అలవాటును ఇందులకు వాడుకొనవచ్చును. మొదట సరళ పదములు, పిదప గుణింతములు, ఆ తరువాత వత్తులు క్రమముగా నేర్పవలెను. ఒకటి స్థిరపడనిదే మరియొకదానికి పోరాదు.

తరగతిలో అతనిని హఠాత్తుగా లేపి పైకి చదివింపరాదు. సైన్సు పాఠము వచ్చినదా అని తెలిసికొనుటకు నోటితో ప్రశ్నింపవచ్చును. మొక్క ఆహారము తయారుచేసికొను విధమును చక్కగా వివరించినవానికి, వత్తు తప్పినదని మార్కులు తగ్గించుట న్యాయము కాదు.

ఇంటిలో పెద్దలు రోజుకు పావుగంట ప్రక్కన కూర్చుండి అతనిచే చదివింపవలెను. అలసినపుడు తామే చదివి వినిపింపవలెను. ఇందువలన చదువు నెమ్మదిగా వచ్చుచున్నను విషయజ్ఞానము ఆగిపోదు. తోబుట్టువులతో పోల్చి కించపరచినచో అతడు బడియే మానుకొనవచ్చును.

మన దేశములో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసనలోపములను వైకల్యములలో చేర్చినది. ధ్రువపత్రము ఉన్నచో పరీక్షలలో అదనపు సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు వంటి సౌకర్యములను కోరవచ్చును. అయితే ధ్రువపత్రము రాకముందే ఈ లోపమును కనిపెట్టగలవాడు తరగతి ఉపాధ్యాయుడు. పెర్సీ తెలివిని గుర్తించినవాడును ఉపాధ్యాయుడే. అతనికి చదువు నేర్పు మార్గము ఆనాడు తెలియదు, నేడు తెలియును.