గుండ్రమే తెలిసిన లేత్, గుండ్రం కాని క్యామ్

వర్జీనియాలో డల్లెస్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉంటుంది షాంటిలీ. అక్కడ ఉంటున్న మనవాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే, ఉద్వార్-హాజీ కేంద్రానికి తీసుకెళ్తుంటారు. 2003లో తెరిచిన స్మిత్సోనియన్ విమానాల మ్యూజియం అది. అందరూ డిస్కవరీ స్పేస్ షటిల్ ముందు ఫొటోలు దిగుతారు. ఇంజన్ల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం పి-38 లైట్నింగ్ యుద్ధవిమానం దగ్గర ఆగాలి. దానికి రెండు అల్లిసన్ ఇంజన్లు. ఒక్కో ఇంజన్‌లో 12 సిలిండర్లు, 48 వాల్వులు. ఆ వాల్వులను వేళకు తెరిచి మూయించేవి క్యామ్‌షాఫ్టులు.

కడ్డీ మీద వరసగా, కోడిగుడ్డులా ఒకవైపు సాగిన బొడిపెలే క్యామ్‌లు. మామూలు కారు ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే క్యామ్‌షాఫ్ట్ అందులో సగం తిరుగుతుంది. అంటే ప్రతి వాల్వూ సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. క్యామ్ వంపులో చిన్న గతుకున్నా వాల్వు తన దారి తప్పి ఎగిరెగిరి పడుతుంది.

చిక్కంతా తయారీలోనే. లేత్‌లో బిగించిన ముక్క తిరుగుతుంది, టూల్ కదలకుండా నిలబడుతుంది. అందుకే ఏది బిగించినా గుండ్రంగానే వస్తుంది. క్యామ్ రావాలంటే ప్రతి చుట్టులోనూ టూల్ వెనక్కి జరిగి మళ్లీ ముందుకు రావాలి. దీనికి పాతకాలపు ఉపాయం నకలు తీయడం. 1819లో థామస్ బ్లాంచర్డ్ అమెరికాలో తుపాకి మడమల కోసం చేసిన లేత్ అలాంటిదే: ఒక నమూనాను తడుముతూ చక్రం కదిలితే, దాన్ని బట్టి కత్తి కదిలేది. క్యామ్‌లకూ ఇదే దారి పట్టారు. ఒక మాస్టర్ క్యామ్‌ను మహా ఓపికగా చేసుకుని, దాని మీద నుంచి వేలకు వేలు దింపేవాళ్లు. మాస్టర్‌లో తప్పుంటే అది అన్నింటికీ అంటుకునేది.

మాస్టర్ స్థానంలో అంకెలు పెట్టొచ్చన్న ఆలోచన హెలికాప్టర్ రెక్కల దగ్గర మొదలైంది. మిషిగన్‌లో జాన్ పార్సన్స్, ఇంజనీరు ఫ్రాంక్ స్టూలెన్‌తో కలిసి, రెక్క వంపు మీద బిందువులను పంచ్ కార్డుల యంత్రంతో లెక్క కట్టించాడు. ప్రదర్శనలో ఒకడు పట్టిక చూసి అంకెలు చదివేవాడు, ఇద్దరు మిల్లింగ్ యంత్రం చక్రాలు చెరొకటి తిప్పేవాళ్లు. నాకు ఈ చరిత్రలో ఇష్టమైన ఘట్టం ఇదే. కంప్యూటర్ చేయబోయే పనంతా ముగ్గురు మనుషులు చేసి చూపించారు. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వాళ్లు చిల్లుల కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించారు. దాన్ని నడిపించే వాక్యూమ్ ట్యూబుల బీరువాలు ఒక గదికి సరిపడా ఉండేవి.

ఆ బీరువాల పని ఇప్పుడు పాత కంప్యూటర్ ఒకటి చేసేస్తుంది. అలా చేయించే ఒక ప్రోగ్రాము షాంటిలీకి దగ్గర్లోనే, పొటోమాక్ అవతలి గెయిథర్స్‌బర్గ్‌లో, జాతీయ ప్రమాణాల సంస్థలో 1990లలో పుట్టింది. సర్కారు సొమ్ముతో రాసింది కాబట్టి అందరిదీ అయింది. ఔత్సాహికులు దాన్ని పెంచి లైనక్స్‌సీఎన్‌సీ అని పిలుస్తున్నారు.

పాత లేత్‌ను ఇలా అంకెలతో నడిచేలా మార్చాలంటే దాని పోత ఇనుము బెడ్‌ను తీసేయక్కర్లేదు, అదే అసలు ఆస్తి. టూల్‌ను ముందుకు వెనక్కి జరిపే క్రాస్ స్లయిడ్‌లో అరిగిన స్క్రూకు ప్లే, అంటే వదులు, ఉంటుంది. దాని బదులు బాల్ స్క్రూ, సర్వో మోటారు వేస్తారు. చక్ ఏ డిగ్రీ దగ్గరుందో చెప్పడానికి ఎన్‌కోడర్ బిగిస్తారు. ఇక మాస్టర్ అంటే ఒక పట్టిక: ఫలానా డిగ్రీకి ఫలానా ఎత్తు.

ఇంతవరకు తేలికే. 8 మిల్లీమీటర్ల ఎత్తున్న క్యామ్‌ను నిమిషానికి 30 చుట్లు తిప్పారనుకుందాం. బొడిపె చుట్టులో కొంత మేరే ఉంటుంది కాబట్టి, టూల్ సుమారు మూడో వంతు సెకనులో 8 మిల్లీమీటర్లు వెనక్కి జరిగి, మళ్లీ అంతే సమయంలో ముందుకు రావాలి. చుట్లు 300 చేస్తే స్లయిడ్ వేగం 10 రెట్లే పెరుగుతుంది గాని, దాన్ని ఆపి తిప్పడానికి బలం 100 రెట్లు కావాలి. బరువైన స్లయిడ్‌ను మోటారు అలా ఊపలేదు. పోనీ 30 దగ్గరే ఉంచుదామంటే, 30 మిల్లీమీటర్ల వ్యాసం మీద కోత వేగం నిమిషానికి 3 మీటర్లు కూడా రాదు. కార్బైడ్ టూల్‌కు అది ఏమూలకూ చాలదు.

అందుకని టూల్ తీసేసి అక్కడ తిరిగే కట్టర్‌నో గ్రైండింగ్ వీల్‌నో పెడతారు. కోత వేగం అది ఇస్తుంది, క్యామ్ తాపీగా తిరుగుతుంది. కానీ వీల్ క్యామ్‌ను ఎప్పుడూ మధ్యగీత మీదే తాకదు. వాలులో పైకో కిందికో జరిగి తాకుతుంది. ఎంత జరుగుతుందన్నది వీల్ వ్యాసాన్ని బట్టి మారుతుంది. మాస్టర్‌ల కాలంలో వీల్ అరిగేకొద్దీ క్యామ్ ఆకారం మెల్లగా మారిపోయేది, ఒక హద్దు దాటాక వీల్‌ను పక్కన పడేయాల్సి వచ్చేది. ఇప్పుడు కొత్త వ్యాసం కొట్టి పట్టికను మళ్లీ లెక్క కట్టిస్తే సరి. లోపలికి వంగిన క్యామ్ అయితే లెక్క కూడా ఆదుకోదు, ఆ వంపులో పట్టే చిన్న వీల్ వెతుక్కోవాల్సిందే.