ఒక్క బొమ్మకు అన్ని చెక్కలెందుకు?

హైటెక్ సిటీ పక్కన, మాదాపూర్ శిల్పారామంలో అచ్చు కలంకారీ బట్టలు చూశారా? మచిలీపట్నం దగ్గరి పెడనలో టేకు అచ్చులతో వాటిని అద్దుతారు. జపాన్ వాళ్ల సుమో మల్లయోధుల పాత బొమ్మలూ చెక్క అచ్చులవే! అక్కడ చెర్రీ చెక్క, కాగితం.

రంగుల బొమ్మకు ఒక్క అచ్చు చాలదు. గీతలకొకటి, ఒక్కో రంగుకు ఒక్కోటి కావాలి. ఈ నిండు రంగుల ముద్రణ 1765లో ఎడోలో, అంటే నేటి టోక్యోలో, ఊపందుకుంది.

మరి యోధుడి ఒంటిరంగు వెనకున్న కొండ మీదికి పాకదెందుకు? ప్రతి చెక్క మీదా ఒకే చోట, మూలన ఒకటి, అంచున ఒకటి, రెండు గుర్తులు చెక్కుతారు. కాగితాన్ని ప్రతిసారీ వాటికే ఆనించి పరిచి, వెనకవైపు గుండ్రటి సాధనంతో రుద్దుతారు. ఎంత తెలివైన ఉపాయం!

పెడన ఎరుపు కథ ఇంకా అబ్బురం. అక్కడ ముందు పటికను అద్దుతారు. తర్వాత బట్టను రంగునీళ్లలో ఉడికిస్తే, పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది.