పాట రికార్డయింది సరే, పాడినవాళ్ల సంగతి?



2022లో పద్మశ్రీ అవార్డులు ప్రకటించినప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ముగ్గురు వాయిద్యకారుల పేర్లు వచ్చాయి. ఒకరు మన తిరువూరు పక్కనే, గంపలగూడెం మండలం గోసవీడుకు చెందిన షేక్ హసన్ సాహెబ్ గారు. నాదస్వర విద్వాంసులు. 2021లోనే చనిపోయారు కాబట్టి ఆ అవార్డును ఆయన చూసుకోలేదు. రెండో వారు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు. మూడో వారు పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారు.

అవార్డు సంగతి అందరికీ తెలుసు. మనం ఇంకో ప్రశ్న వేసుకుందాం. వాయిద్యం పట్టుకున్న మనిషి అన్నం ఎట్లా తింటాడు?

మూడు దారులు

హసన్ సాహెబ్ గారిది కొలువు దారి. ఆయన భద్రాచలం రామాలయంలో నాదస్వరం వాయించారు. గుడి ఉన్నన్నాళ్లూ సేవ ఉంటుంది, సేవకు జీతం ఉంటుంది. కానీ అట్లాంటి కొలువులు ఎన్ని ఉంటాయి? చాలా కొద్ది.

రామచంద్రయ్య గారిది కులపోళ్ల ఆదరణ దారి. ఆయనది మణుగూరు మండలం కూనవరం. కోయల ఇలవేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మ కథ అటు కోయ భాషలోనూ ఇటు తెలుగులోనూ పాడేవారు. కోయల్లో డోలీలు అనేవాళ్లు పడిగె అనే బొమ్మల గుడ్డను చూపిస్తూ వంశాల కథ చెబుతారు. ఏ ఇంటివాళ్ల కథ చెబితే ఆ ఇంటివాళ్లే వాళ్లను ఆదుకోవాలి. ఇది పాత కట్టుబాటు. కథ వినేవాళ్లు తగ్గితే ఆ ఆదరవూ తగ్గుతుంది. ఆయన 2024లో చనిపోయారు.

మొగులయ్య గారిది ఊరూరా తిరిగే దారి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. కిన్నెర అంటే వెదురు బొంగుకు ఎండిన సొరబుర్రలు కట్టి చేసే తీగ వాయిద్యం. వేలు పెట్టి స్వరం మార్చే చోట్లను మెట్లు అంటారు. ఆయన కిన్నెరకు పన్నెండు మెట్లు. దానిమీద పండుగ సాయన్న లాంటి వీరుల కథలు చెబుతారు. జీతం లేదు, కొలువు లేదు. ఆట ఉన్న రోజు తిండి, లేని రోజు కూలి.

రికార్డు ఏం చేసింది?

2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో మొగులయ్య గారు పాడారు. ఒక్కసారిగా ఆయన గొంతు రాష్ట్రాలు దాటిపోయింది. ఏళ్ల తరబడి కాలినడకన తిరిగినా చేరని చోటికి ఆ చిన్న ముక్క చేరింది. రికార్డుకు ఉన్న బలం అదే.

మరి బతుకు మారిపోయిందా? 2024 మే నెలలో ఆయన హైదరాబాదు దగ్గర తుర్కయంజాల్‌లో కట్టడం పనికి పోతున్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి. ప్రభుత్వం నుంచి నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయన అప్పుడు చెప్పారు. పాట లక్షల మంది దగ్గర మోగుతూనే ఉంది, పాడిన మనిషి మాత్రం అప్పుడు కూలి పనికి పోయాడు. ఇది ఎట్లా జరుగుతుంది? ఇది తెలియాలంటే రికార్డు పని ఎట్లా నడుస్తుందో తెలియాలి.

స్టూడియోలో అందరూ కలిసి కూర్చుని పాడరు. ముందు తాళం కోసం ఒక కొలత పెడతారు. పాడేవాళ్లు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆ తాళం వింటూ పాడతారు. డప్పు వేరే, తీగ వాయిద్యం వేరే రికార్డు చేసి తర్వాత కలుపుతారు. దాన్నే మిక్సింగ్ అంటారు. స్టూడియోకు గంటల లెక్కన అద్దె ఉంటుంది. సొంతంగా రికార్డు చేసుకునేవాళ్లు ఆ డబ్బు ముందే పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. పాత గ్రామఫోను ప్లేటు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. అందుకే పాటలు మూడు నాలుగు నిమిషాలకు అలవాటు పడ్డాయి. తెల్లవార్లూ చెప్పే కథ అందులో ఎట్లా పడుతుంది? రికార్డు కథను మోయదు, కథలో ఒక ముక్కనే మోస్తుంది. మొత్తం కథ కావాలంటే మనిషి ఎదురుగా కూర్చోవాల్సిందే.

పాట ఎవరిది?

చట్టం ప్రకారం ఒక్క పాటలో చాలామందికి హక్కు ఉంటుంది. రాసినవారికి మాటల మీద, బాణీ కట్టినవారికి సంగీతం మీద, డబ్బు పెట్టి చేయించినవారికి ఆ రికార్డు మీద. పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ ‘ప్రదర్శకుల హక్కు’ ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టంలో ఇది మొదట లేదు. 1994 సవరణతో 25 ఏళ్లకు వచ్చింది. 1999లో 50 ఏళ్లు చేశారు. 2012 సవరణ తర్వాత, వాళ్లు పాడినదాన్ని వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీలో వాళ్లకూ వాటా ఉండాలి.

మరి మన తాతల నాటి పాటలు? అవి ఒక్కరి సొత్తు కావు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఎవరో వచ్చి మన అమ్మమ్మ పాటను ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఆ రికార్డు వాళ్లదవుతుంది. దాన్ని యూట్యూబులో పెడితే ప్రకటనల డబ్బు ఛానల్ పెట్టినవాళ్లకు పోతుంది. ఆ డబ్బు కూడా ఊరికే రాదు. ఛానల్‌కు కనీసం 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల చూపు ఉండాలి. ఇక అమ్మమ్మకు మిగిలేది? చేతిలో పెట్టిన వందో రెండొందలో, అదీ పెడితే.

ఆటే అన్నం

సొంతంగా పాడుకునే ఈకాలం కుర్రాళ్లకూ ఇదే లెక్క. హైదరాబాదులో చౌరస్తా అనే బ్యాండువాళ్లు తమ పాటలు తామే చేసి జనంలోకి వదిలారు. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాలకూ పాడారు. రికార్డు పాట శుభలేఖ లాంటిది. శుభలేఖతో కడుపు నిండదు, భోజనం పెళ్లిలోనే. పాట విని ఎవరైనా పిలిచి ఆట పెట్టిస్తేనే డబ్బు.

ఆ డబ్బు కూడా చేతికి పూర్తిగా రాదు. బస్సు ఛార్జీలు, తోడు వాయించేవాళ్ల వాటా, తెగిన తీగలు, చినిగిన డోలు తోలు అన్నీ అందులోనే. పైగా అది ఏడాది పొడుగునా ఉండదు. మాఘం, ఫాల్గుణంలో మేడారం జాతర, నెమలి వేణుగోపాలస్వామి ఉత్సవాలు, పెనుగంచిప్రోలు తిరునాళ్ల లాంటివి వస్తాయి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, వానల్లో ఆటలుండవు. ఆ నెలల్లో కళాకారుడు కూలికి పోతాడు. అది సిగ్గుపడే పని కాదు. కానీ అంత పెద్ద కళ చేతిలో ఉన్నవాడికి వేరే దారి లేకపోవడం మాత్రం మనందరికీ తలవంపే.

మనం ఏం చేయగలం?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన తండాలో, గూడెంలో ఎవరైనా పాట రికార్డు చేస్తామని వస్తే పెద్దవాళ్ల పక్కన నిలబడి ఈ నాలుగు అడగండి.

1. ఈ రికార్డు ఎక్కడ పెడతారు?
2. పాడినవాళ్ల పేరు, ఊరు పేరు వేస్తారా?
3. డబ్బు వస్తే వాటా ఎంత?
4. సంతకమో వేలిముద్రో అడిగితే, ఆ కాగితం ఒకటి మాకు ఇస్తారా?

పెద్దవాళ్లకు చదువు రాకపోవచ్చు, మనకు వచ్చు కదా. ఆ కాగితాన్ని చదివి వినిపించడం మన పని. అట్లాగే ఒక నోటుబుక్కు పెట్టి, పెద్దవాళ్లను అడిగి, వాళ్ల పాటలు రాసుకోండి. ప్రతి పాట కింద పాడినవారి పేరు, ఊరు, తేదీ తప్పకుండా వేయండి.

వార్డెన్ సార్లకు ఒక మనవి. వార్షికోత్సవానికి సినిమా పాటల క్యాసెట్టో పెన్‌డ్రైవో పెట్టే బదులు ఈసారి మన దగ్గరి ఊళ్ల నుంచి ఒక డోలు కళాకారుణ్ణో పాట పాడే పెద్దమ్మనో పిలిపించండి. దండ, శాలువాతో సరిపెట్టకుండా దారి ఖర్చులూ, ఆటకు తగిన డబ్బూ కవరులో పెట్టి ఇవ్వండి. ఇచ్చే డబ్బు ఎంతో పిలిచేటప్పుడే చెప్పండి. కళను గౌరవించడం అంటే ముందు ఆ లెక్క సరిగ్గా చెప్పడమే.